లెక్క కట్టి ఊళ్లు కట్టిన ఆర్కిటెక్ట్
సర్కారు కట్టిన ఇళ్లు – 9

లియూ థాయ్ కెర్ 1969లో సింగపూర్ ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థలో చేరేనాటికి ఆయన వయసు 31. న్యూయార్క్‌లో ఆర్కిటెక్ట్ ఐ.ఎమ్. పే కార్యాలయంలో మంచి ఉద్యోగం వదులుకుని వచ్చారు. ఇక్కడ ఇచ్చిన పదవి డిజైన్, పరిశోధన విభాగానికి అధిపతి. 1975లో ప్రధాన ఆర్కిటెక్ట్ అయ్యారు, 1979లో సంస్థ ముఖ్య కార్యనిర్వహణాధికారి అయ్యారు, 1989 వరకు ఆ కుర్చీలోనే ఉన్నారు. ఆ 20 ఏళ్లలో సంస్థ కట్టిన ఫ్లాట్లు 5 లక్షల పైమాటే. ఇరవైకి మించిన కొత్త పట్టణాలు ఆయన కనుసన్నల్లో రూపుదిద్దుకున్నాయి. సింగపూర్ వాసుల్లో ఇవాళ కూడా ప్రతి పదిమందిలో దాదాపు ఎనిమిదిమంది ఆ సంస్థ ఇళ్లలోనే ఉంటున్నారు. అయినా ఆయన పేరు చెప్పగానే ఫలానా భవనం అని గుర్తొచ్చేది ఏదీ లేదు. ఆయన గీసినది భవనాన్ని కాదు, భవనాలు ఎన్ని ఉండాలి, ఎంత ఎడంగా ఉండాలి, వాటి మధ్య బడి ఎక్కడ, సంత ఎక్కడ అన్న లెక్కను.

ఆయన రాక ముందు సంగతి కొంత తెలియాలి. బ్రిటిష్ హయాంలో 1927లో ఏర్పడిన సింగపూర్ ఇంప్రూవ్‌మెంట్ ట్రస్ట్ 32 ఏళ్లలో కట్టిన ఇళ్లు సుమారు 23 వేలు. రెండో ప్రపంచ యుద్ధం తరవాత జనాభా ఉరుకులు పెట్టింది. చైనాటౌన్‌లో రెండంతస్తుల దుకాణపు ఇళ్లను చెక్క పలకలతో గూళ్లుగా కోసి, ఒక్కో గూట్లో ఒక్కో కుటుంబాన్ని పెట్టేవారు. కిటికీ లేని గది, పదుల మందికి ఒకే పాయిఖానా. ఊరి అంచుల్లో తాటాకు, రేకు, చెక్క కలిపి వేసుకున్న గుడిసెల పల్లెలు, అంటే కంపుంగులు, విస్తరించాయి. 1959లో స్వపరిపాలన వచ్చింది, లీ క్వాన్ యూ ప్రభుత్వం 1960 ఫిబ్రవరి 1న ట్రస్టు స్థానంలో హౌసింగ్ అండ్ డెవలప్‌మెంట్ బోర్డును నిలబెట్టింది. జనం నోట అది హెచ్‌డీబీ. ఆంధ్రప్రదేశ్ హౌసింగ్ బోర్డు పుట్టిందీ అదే ఏడాది. రెండు బోర్డుల దారులు తరవాత ఎంత దూరంగా వెళ్లాయో కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీని చూసినవారికి విడమరచి చెప్పనక్కర్లేదు.

హెచ్‌డీబీ మొదటి ఛైర్మన్ లిమ్ కిమ్ సాన్ వ్యాపారి. ఇళ్ల గురించి ఆయనకు పుస్తక జ్ఞానం లేదు కానీ పని ఆగితే ఊరుకునేవారు కాదు. 1961 మే 25న బుకిత్ హో స్వీ గుడిసెలకు నిప్పంటుకుంది. నలుగురు చనిపోయారు, సుమారు 16 వేలమంది నిలువనీడ లేకుండా పోయారు. ఏడాది తిరగకముందే కాలిన స్థలంలోనే వరుస బ్లాకులు లేచాయి. తొలి అయిదేళ్లలో బోర్డు 54 వేలకు పైగా ఇళ్లు కట్టింది. అవి ఒకటి రెండు గదుల ఇళ్లు. పొడవాటి వరండా, దానికి వరసగా తలుపులు. అందం ఆలోచించే తీరిక ఎవరికీ లేదు. ఎంత చవగ్గా, ఎంత తొందరగా, ఎన్ని కడితే అన్ని. అలా అత్యవసరంగా లేచిన ఇళ్లను ఊరుగా మలచడం ఎలాగన్న ప్రశ్న 1960ల చివరికి ముందుకొచ్చింది. లియూను పిలిపించింది ఆ పనికే.

ఈ కథలో ఆర్కిటెక్టు కంటే ముందే అమరిపోయినవి రెండు ఉన్నాయి. అవి లేకపోతే లియూ గీతలు కాగితం మీదే ఉండిపోయేవి. మొదటిది భూమి. 1966 నాటి భూసేకరణ చట్టం ప్రభుత్వానికి కావలసిన భూమిని కావలసినప్పుడు తీసుకునే అధికారం ఇచ్చింది. 1973 సవరణతో పరిహారం ఇంకా బిగుసుకుంది. ఆ ఏడాది నవంబరు 30 నాటి ధర, సేకరణ ప్రకటన నాటి ధర, ఈ రెంటిలో ఏది తక్కువైతే అదే ఇచ్చేవారు. తరవాత ధర ఎంత పెరిగినా యజమానికి సంబంధం ఉండేది కాదు. 1960లో దేశంలోని భూమిలో 44 శాతం ప్రభుత్వం చేతిలో ఉంటే, 1985 నాటికి అది 76 శాతమైంది. కోర్టు గుమ్మం ఎక్కడానికి పెద్దగా దారి లేదు. పరిహారం మీద అభ్యంతరం చెప్పుకోవచ్చు కానీ సేకరణనే ఆపడం దాదాపు అసాధ్యం. భూస్వాములు, చిన్న రైతులు, దుకాణదారులు నష్టపోయిన మొత్తం ఎంతో గానీ, చవక ఇళ్లకు అసలు సబ్సిడీ ఇచ్చింది వాళ్లే అనడంలో అతిశయోక్తి లేదు.

రెండోది డబ్బు. 1964లో ఇళ్లను అద్దెకే కాకుండా అమ్మకానికీ పెట్టారు. రెండు గదుల ఫ్లాటు 4,900 సింగపూర్ డాలర్లు, మూడు గదులది 6,200. మొదట్లో కొనేవాళ్లు తక్కువ, ముందస్తు సొమ్ము కట్టే స్థోమత చాలామందికి లేదు. 1955 నుంచి ఉన్న సెంట్రల్ ప్రావిడెంట్ ఫండ్‌లో ప్రతి ఉద్యోగి జీతం నుంచి, యజమాని వాటా నుంచి నెలనెలా సొమ్ము జమయ్యేది. 1968లో ఆ సొమ్మును ఇంటి వాయిదాలకు వాడుకోవచ్చన్నారు. చేతికి అందే జీతంలో పైసా తగ్గకుండానే ఇల్లు సొంతమయ్యే మార్గం దొరికింది. సొంతమంటే 99 ఏళ్ల లీజు. ఆ సంగతి అప్పట్లో ఎవరికీ పెద్దగా పట్టలేదు.

లియూ 1938 ఫిబ్రవరిలో మలయాలోని జొహోర్ రాష్ట్రం మువార్‌లో పుట్టారు. తండ్రి లియూ కాంగ్ సింగపూర్ చిత్రకళలో పెద్ద పేరు. 1952లో తోటి చిత్రకారులతో కలిసి బాలి ద్వీపానికి వెళ్లి వచ్చి, చైనా కుంచెనూ పారిస్ రంగులనూ ఆగ్నేయాసియా జీవితంతో కలిపిన నాన్యాంగ్ శైలికి ప్రాణం పోసినవారిలో ఒకరు. కొడుకు కూడా చిత్రకారుడే కావాలనుకున్నాడు. ఇంట్లో డబ్బుకు ఇబ్బంది. బొమ్మలు గీస్తూనే సంపాదించుకోవచ్చు, ఆర్కిటెక్చర్ చదవమని తల్లి నచ్చజెప్పింది. సిడ్నీలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో పగలు ఉద్యోగం చేసుకుంటూ పార్ట్ టైమ్ కోర్సులో చేరి, 1962లో ప్రథమ శ్రేణితో, విశ్వవిద్యాలయ పతకంతో బయటికొచ్చారు. అక్కడితో ఆగలేదు. ఒక్కో భవనం గీస్తూ కూర్చుంటే కిక్కిరిసిన ఆసియా నగరాలకు ఒరిగేదేమీ లేదనిపించి, అమెరికాలోని యేల్‌లో నగర ప్రణాళిక చదివారు. 1965లో పట్టా పుచ్చుకుని పే దగ్గర చేరారు. అదే ఏడాది ఆగస్టు 9న సింగపూర్ మలేషియా నుంచి విడిపోయి ఒంటరి దేశమైంది. చెప్పుకోవడానికి దేశమే గానీ వైశాల్యం 600 చదరపు కిలోమీటర్లకు తక్కువ.

హెచ్‌డీబీలో ఆయనకు పైఅధికారి టే చియాంగ్ వాన్. ఇంజినీరింగ్ బలం, కట్టడంలో వేగం టే సొత్తు. బోర్డు అప్పటికే తోవా పాయో పట్టణాన్ని సొంతంగా కడుతోంది. ఇంకా అలాంటివి చాలా కట్టాలన్నది ప్రభుత్వ ఆలోచన. లియూ వేసిన మొదటి ప్రశ్న చిన్నపిల్లాడి ప్రశ్నలా ఉంటుంది: కొత్త పట్టణం అంటే ఏమిటి? ఎంతమంది ఉంటే పట్టణం? దానిలో ఏమేమి ఉండాలి? ఖచ్చితంగా జవాబు చెప్పగలిగినవాళ్లు సింగపూర్‌లో దొరకలేదు. బ్రిటన్ కొత్త పట్టణాలు, స్వీడన్ శివారు పట్టణాలు పుస్తకాల్లో ఉన్నాయి గానీ అవి నేల పుష్కలంగా ఉన్నచోట, జనం పలచగా ఉన్నచోట కట్టినవి. వాటి పద్ధతి పనికొచ్చింది, వాటి అంకెలు పనికిరాలేదు.

అందుకని అంకెలు తామే తయారు చేసుకున్నారు. ఒక ప్రాథమిక పాఠశాల నిండాలంటే ఎన్ని కుటుంబాలు కావాలి? ఒక కిరాణా దుకాణం నష్టం లేకుండా నడవాలంటే ఎన్ని ఇళ్లు? దంతవైద్యుడికి, సినిమా హాలుకు, ఈత కొలనుకు, డిపార్ట్‌మెంట్ స్టోరుకు ఎన్ని? ఉన్న పేటల్లో తిరిగి దుకాణాలు లెక్కపెట్టారు, దుకాణదారులను అడిగారు, కొత్తగా చేరినవాళ్ల ఇళ్లకు వెళ్లి సర్వేలు చేశారు. లెక్కలు తేలాక పట్టణం పొరలు పొరలుగా ఏర్పడింది. 4 వేల నుంచి 6 వేల ఫ్లాట్లు కలిస్తే ఒక పేట. దానికి సొంత సంత, తిండి దుకాణాలు, క్లినిక్కు, బడులు, ఇంటి నుంచి నడిచి వెళ్లే దూరంలో. అలాంటి పేటలు ఏడెనిమిది కలిస్తే సుమారు రెండు లక్షల జనాభా గల పట్టణం. మధ్యలో బస్సుల కూడలి, పెద్ద దుకాణాలు, గ్రంథాలయం, సినిమా. అంచున కాలుష్యం లేని ఫ్యాక్టరీలు, ముఖ్యంగా పిల్లలున్న ఆడవాళ్లు నడిచి వెళ్లి పనిచేసుకోగలిగేవి. జనమంతా పొద్దున్నే నగరం నడిబొడ్డుకు ఎగబడకుండా ఉండాలంటే బతుకుతెరువు కొంతైనా ఇంటి దగ్గరే దొరకాలి.

1973లో మొదలైన ఆంగ్ మో కియో పట్టణంలో ఈ లెక్క పూర్తిగా అమల్లోకి వచ్చింది. ఆ పట్టణంలో బ్లాకు గోడ మీద మనిషి ఎత్తుకు మించిన అంకెలు కనబడతాయి. మూడంకెల సంఖ్యలో మొదటి అంకె పేటది. 400లతో మొదలైన బ్లాకులన్నీ నాలుగో పేటవి. పోస్ట్‌మ్యాన్‌కూ టాక్సీ డ్రైవరుకూ దారి వెతుక్కునే పని లేదు. పేరు పెట్టిన వీధులు, పేరున్న భవనాలు అలవాటైన కంటికి ఇది జైలు నంబర్లలా తోచవచ్చు. అక్కడ పెరిగిన తరానికి మాత్రం ఆ నంబరే ఊరి పేరు.

ఎత్తయిన బ్లాకులు దట్టంగా ఉంటే ఊపిరాడదన్నది లియూ భయం. దానికి చదరంగం గళ్ల పద్ధతి వాడారు. బ్లాకులున్న గడి పక్కన ఎత్తు లేని గడి, అంటే బడి, పార్కు, ఆటస్థలం, సంత. మళ్లీ బ్లాకుల గడి. జనసాంద్రత ఎక్కువైనా కిటికీలోంచి చూస్తే ఎదురుగా ఖాళీ కనబడుతుంది. బ్లాకులను వీలైనంతవరకు ఉత్తర దక్షిణాలకు తిప్పారు, పడమటి ఎండ పక్క గోడ మీద పడేలా. భూమధ్యరేఖకు 137 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊళ్లో, ఏసీలు ఇంకా అందరికీ రాని రోజుల్లో, అది అలంకారం కాదు, అవసరం.

మనుషుల మధ్య పరిచయం విషయంలో ఆయన ఇంకా లోతుకు వెళ్లారు. తొలినాటి బ్లాకుల్లో వరండా ఈ చివరి నుంచి ఆ చివరికి సాగేది. ఇరవై ముప్పై తలుపుల ముందు నుంచి ఎవరెవరో నడిచేవారు, ఎవరు ఎవరో తెలిసేది కాదు. సమాజశాస్త్రవేత్తలతో మాట్లాడి, వరండాను ముక్కలు చేశారు. ఒక ముక్కకు ఆరు నుంచి ఎనిమిది కుటుంబాలు. అంతమందైతే ముఖాలు గుర్తుంటాయి, పిల్లలు ఎవరింట్లో ఆడుకుంటున్నారో తెలుస్తుంది. 1978 నుంచి పేటను ఇంకా చిన్న ముక్కలుగా కోసి ప్రిసింక్ట్ అన్నారు. సుమారు 400 నుంచి 800 ఫ్లాట్లు, వాటి మధ్యలో పిల్లల ఆటస్థలం, కూర్చునే అరుగులు. పేట మరీ పెద్దది, వరండా మరీ చిన్నది, మధ్యలో ఒక మెట్టు కావాలన్నది ఆలోచన.

బ్లాకు కింది అంతస్తు ఖాళీగా వదిలేయడం 1970ల మొదట్లో మామూలైంది. వాయిడ్ డెక్ అని పిలిచే ఆ చోట స్తంభాలు, సిమెంటు నేల, గాలి తప్ప ఏమీ ఉండవు. ఇళ్లు కట్టుకోదగ్గ చోటును వదిలేయడం దండగ అన్నవాళ్లున్నారు. ఆ ఖాళీయే పట్టణాలకు నట్టిల్లయింది. మలయ్ కుటుంబం పెళ్లికి రంగు తెరలు కట్టి రెండు రోజులు వందల మందికి భోజనాలు పెడుతుంది. వారం తిరిగేసరికి అదే చోట చైనా కుటుంబం శవపేటికను ఉంచి రాత్రంతా జాగారం చేస్తుంది. సిమెంటు బల్ల మీద చదరంగం గళ్లు పోసి ఉంటాయి, ముసలివాళ్లు సాయంత్రమంతా అక్కడే. బంతాట నిషేధం అని బోర్డు ఉంటుంది, దాని కిందే పిల్లలు బంతి ఆడుతుంటారు. పరిపాలన లెక్కలో పట్టని జీవితం ఏదైనా ఉంటే అది ఆ స్తంభాల మధ్యే సాగింది.

ఇంటి లోపలి లెక్క వేరు. తెలుగు పట్టణాల్లో డబుల్ బెడ్‌రూమ్ అంటే పడకగదులే లెక్కలోకి వస్తాయి. సింగపూర్‌లో హాలును కూడా గదిగానే లెక్కిస్తారు, వంటిల్లు లెక్కలోకి రాదు. అంటే మూడు గదుల ఫ్లాటు మన డబుల్ బెడ్‌రూమ్. 1970ల మధ్యలో వచ్చిన కొత్త నమూనాలో మూడు గదుల ఇల్లు 67, 69 చదరపు మీటర్లు, నాలుగు గదులది 92. పాత ఇళ్లతో పోలిస్తే విడిగా స్నానాల గది, సామాను గది కలిశాయి. వంటగది కిటికీ బయట గోడకు గొట్టపు గూళ్లు బిగించి ఉంటాయి. పొడవాటి వెదురు కర్రకు ఉతికిన బట్టలు గుచ్చి, కర్ర మొనను గూట్లో దింపితే బట్టలు గాలిలోకి జెండాల్లా నిలుస్తాయి. పదో అంతస్తులో తడిసి బరువెక్కిన కర్రను కిటికీలోంచి బయటికి నెట్టడం చిన్న పని కాదు. వంటింట్లోనే చెత్త జారవిడిచే తూము ఉండేది, దానితోపాటు బొద్దింకలూ పైకొచ్చేవి. 1989 తరవాతి బ్లాకుల్లో తూమును ఇంటి బయటికి మార్చారు. లిఫ్టులు ఖర్చు తగ్గించుకోవడానికి మూడు నాలుగు అంతస్తులకు ఒకచోట మాత్రమే ఆగేవి. మిగతావాళ్లు ఒకటి రెండు అంతస్తులు మెట్లెక్కాలి. కుర్రకారు ఉన్నప్పుడు ఫరవాలేదు. కాపురముండేవాళ్లు ముసలివాళ్లయ్యాక ఆ ఆదా మెడకు చుట్టుకుంది. 2001 నుంచి పాత బ్లాకుల్లో ప్రతి అంతస్తుకూ లిఫ్టు ఆగేలా మళ్లీ డబ్బు పోసి మార్చాల్సివచ్చింది.

ఇంత కట్టడానికి సిమెంటు, ఇసుక, కంకర, మనుషులు కావాలి. బోర్డు సొంతంగా గ్రానైట్ క్వారీ, ఇటుకల ఫ్యాక్టరీ నడిపింది. సరుకు బోర్డే టోకున కొని కాంట్రాక్టర్లకు నిర్ణీత ధరకు ఇచ్చేది, మధ్యలో ధర పెరిగినా పని ఆగకుండా. గోడలు, పలకలు ఫ్యాక్టరీలో పోతపోసి తెచ్చి బిగించే పద్ధతికి 1963లో, 1973లో ప్రయత్నించి రెండుసార్లూ చేతులు కాల్చుకున్నారు. కూలీల కొరత తీవ్రమయ్యాక 1980ల మొదట్లో మూడోసారి పట్టుబట్టారు, అప్పుడు కుదిరింది. 1984 ఒక్క ఏడాదిలో 60 వేలకు పైగా ఫ్లాట్లు పూర్తయ్యాయి. ట్రస్టు 32 ఏళ్లలో కట్టినదానికి రెండున్నర రెట్లు.

ఇళ్లు లేచినంత సులువుగా మనుషులు కదలలేదు. కంపుంగుల్లో కూరగాయలు పండించి, పందులూ కోళ్లూ పెంచుకుని బతికినవాళ్లను పన్నెండో అంతస్తుకు తెచ్చిపెట్టారు. పందులను మెట్ల మీదుగా పైకి తోలుకుపోయినవాళ్లున్నారని లీ క్వాన్ యూ స్వయంగా తన జ్ఞాపకాల్లో రాసుకున్నారు. అప్పటిదాకా కరెంటు బిల్లు, నీటి బిల్లు, అద్దె అనే మాటలు తెలియని కుటుంబాలకు నెలనెలా చెల్లింపులు మొదలయ్యాయి. లిఫ్టుల్లో మూత్రవిసర్జన ఎంత ముదిరిందంటే 1980ల్లో దాన్ని పసిగట్టే పరికరాలు బిగించారు. తడి తగలగానే లిఫ్టు ఆగిపోయి తలుపు మూసుకుపోయేది, లోపలి మనిషి పోలీసులు వచ్చేదాకా అక్కడే. సింగపూర్ పాలన తీరు మొత్తం ఆ ఒక్క పెట్టెలో ఇమిడి ఉందని ఎవరైనా అంటే కాదనడం కష్టం.

1979లో టే జాతీయాభివృద్ధి మంత్రి పదవి వైపు వెళ్లిపోవడంతో బోర్డు పగ్గాలు లియూ చేతికొచ్చాయి. అప్పటినుంచి ఆయన పని గీతల కంటే ఫైళ్లే ఎక్కువ. 1985 నాటికి జనాభాలో 81 శాతం హెచ్‌డీబీ ఇళ్లలో ఉన్నారు. అప్పటికి సింగపూర్‌లో ఇల్లు లేనివాళ్లు, ఆక్రమణ గుడిసెలు, పేదల మురికివాడలు, జాతులవారీ పేటలు లేకుండా పోయాయని లియూ తరవాత పదేపదే చెప్పుకున్నారు. మొదటి మూడు కట్టడం వల్ల సాధ్యమైనవి. నాలుగోది కట్టడంతో తీరలేదు, దానికి నిబంధన కావాల్సివచ్చింది. జనం ఫ్లాట్లు అమ్ముకుని కొనుక్కోవడం మొదలుపెట్టాక, మలయులు ఒకవైపు, చైనీయులు ఒకవైపు మళ్లీ గుంపు కట్టసాగారు. 1989 మార్చిలో ప్రభుత్వం బ్లాకుకు ఇంత, పేటకు ఇంత అని జాతులవారీ పరిమితి పెట్టింది. బ్లాకులో చైనీయులు 87 శాతం, మలయులు 25 శాతం, భారతీయులు, ఇతరులు 13 శాతం దాటకూడదన్నారు. తమిళులు, తెలుగువారు, మలయాళీలు, పంజాబీలు అంతా చివరి లెక్కలోనే. చైనీయుల పరిమితి నిండిన బ్లాకులో భారతీయ కుటుంబం ఇల్లు అమ్మాలంటే చైనీయులకు అమ్మడానికి వీల్లేదు, కొనేది మిగతా వర్గాలవాళ్లే అయి ఉండాలి. కొనేవాళ్లు తక్కువ, ధరా తక్కువ. కలిసి ఉండాలన్న విధానం ఖరీదు మైనారిటీల మీదే ఎక్కువ పడిందన్న ఫిర్యాదు ఇప్పటికీ ఉంది. 2010లో ఆ 13ను 15 చేశారు.

టాంపినీస్ పట్టణానికి 1992లో ప్రపంచ ఆవాస పురస్కారం దక్కింది. లియూ అప్పటికి బోర్డులో లేరు. ఆయన కాలంలోనే, చాలామంది విదేశీ విమర్శకులు ఒకే అచ్చులో పోసిన బ్లాకులని ఎగతాళి చేశారు. అందులో నిజం లేకపోలేదు. 1980ల పట్టణాల్లో పైకప్పు వాలు, ఇటుక రంగు, బాల్కనీ వంపు మార్చి ఒక్కో ఊరికి ఒక్కో ముఖం తేవడానికి బోర్డు తంటాలు పడింది. బిషాన్ బ్లాకుల కోసు కప్పులు దూరం నుంచే గుర్తుపట్టవచ్చు. మరో విమర్శ ఇంకా గట్టిది. ఇల్లు కావాలంటే పెళ్లి కావాల్సి ఉండేది. ఒంటరివాళ్లు కొనుక్కోవడానికి దాదాపుగా వీలుండేది కాదు. 35 ఏళ్లు దాటిన ఒంటరి పౌరులకు 1991లో గానీ తలుపు కొంచెమైనా తెరుచుకోలేదు. ఇది ఆర్కిటెక్టు నిర్ణయం కాదు, మంత్రివర్గానిది. కానీ గీతకూ నిబంధనకూ మధ్య గోడ లేని సంస్థలో 20 ఏళ్లున్న అధికారిని ఆ ప్రశ్న నుంచి పూర్తిగా తప్పించలేం.

1989లో లియూ అర్బన్ రీడెవలప్‌మెంట్ అథారిటీకి ముఖ్య అధికారిగా, దేశానికి ప్రధాన ప్రణాళికాధికారిగా వెళ్లారు. అదే ఏడాది ప్రభుత్వ ప్రణాళికా శాఖను అందులో కలిపేశారు. చైనాటౌన్, లిటిల్ ఇండియా, కంపుంగ్ గ్లామ్ ప్రాంతాలను రక్షిత ప్రాంతాలుగా ప్రకటించిందీ ఆ ఏడాదే. గూళ్లుగా కోసిన దుకాణపు ఇళ్లనుంచి జనాన్ని ఖాళీ చేయించిన తరానికి, ఖాళీ అయిన ఆ ఇళ్ల పెంకులూ కిటికీలూ కాపాడే బాధ్యత వచ్చిపడింది. ఆయన నడిపించిన 1991 కాన్సెప్ట్ ప్లాన్ 40 లక్షల జనాభాను ఊహించి గీసినది. నడిబొడ్డు మీద భారం తగ్గించడానికి టాంపినీస్, జురాంగ్ ఈస్ట్, వుడ్‌ల్యాండ్స్, సెలెతార్‌లలో ప్రాంతీయ కేంద్రాలు ప్రతిపాదించింది. దీవి మొత్తాన్ని 55 ముక్కలు చేసి ఒక్కోదానికి విడి ప్రణాళిక రాయించింది. పట్టణానికి పట్టించిన పొరల లెక్కనే దేశానికి పట్టించారన్నమాట. 1992లో ఆయన ప్రభుత్వ కొలువు వదిలారు.

తరవాత పాతికేళ్లు ఆర్‌ఎస్‌పీ అనే ప్రైవేటు సంస్థలో గడిచాయి. చైనాలో ఫూజౌ మొదలుకొని ఎన్నో నగరాలకు ప్రణాళికలు రాశారు. 1996 నుంచి 2005 వరకు జాతీయ కళామండలికి అధ్యక్షులుగా ఉన్నారు. చిత్రకారుడి కొడుక్కి అది ఇష్టమైన పనే. 79వ ఏట, 2017లో, సొంత సంస్థ పెట్టారు. 2013లో ప్రభుత్వం 2030కి 69 లక్షల జనాభా రావచ్చని శ్వేతపత్రం వేస్తే, సభలకు మొహం వాచిన ఆ దేశంలో వేలమంది హాంగ్ లిమ్ పార్కులో చేరి నిరసన తెలిపారు. లియూ మాత్రం కోటిమందికి ఇప్పుడే ప్రణాళిక వేసుకోవాలన్నారు. ఆయనకు అది రాజకీయం కాదు, మరో లెక్క. జనం ఎక్కువవుతారా లేదా అన్నది తరవాత సంగతి, చోటు ముందే కేటాయించకపోతే తరవాత దొరకదు.

హెచ్‌డీబీలో పెరిగిన ఆ విద్య ఆంధ్రప్రదేశ్ దాకా వచ్చింది. బోర్డు నిర్మాణ విభాగాన్ని 2003లో విడి కంపెనీగా మార్చారు, అదే తరవాత సుర్బానా అయింది. 2014 చివర్లో కుదిరిన ఒప్పందం ప్రకారం అమరావతి రాజధాని ప్రణాళికలు రాసిన సింగపూర్ సంస్థల్లో అది ఒకటి. 217 చదరపు కిలోమీటర్ల నగరంలో 5 నిమిషాల్లో అత్యవసర సేవలు, 10 నిమిషాల్లో బడి, ఆస్పత్రి వంటివి, 15 నిమిషాల్లో పనిచోటు అందాలన్న సూత్రం చదివితే ఆంగ్ మో కియో గుర్తుకు రాక మానదు. తేడా నేల కింద ఉంది. అమరావతిలో భూసేకరణ కాకుండా భూసమీకరణను ఎంచుకున్నారు. దాదాపు 34 వేల ఎకరాలిచ్చిన రైతులకు ఎకరాకు వెయ్యి గజాల నివాస స్థలం, దానితోపాటు జరీబు భూమికి 450 గజాలు, మెట్టకు 250 గజాలు వాణిజ్య స్థలం తిరిగి ఇస్తామన్నారు. సింగపూర్‌లో భూమి ధర పెరిగితే లాభం ప్రభుత్వానిది, ఆ లాభమే ఫ్లాటు ధరను కిందికి దించింది. ఇక్కడ పెరిగే ధరలో రైతు వాటాదారు, ధర పెరగకపోతే అందరికంటే ముందు నష్టపోయేదీ అతనే. 2019లో ప్రభుత్వం మారి పనులు నిలిచినప్పుడు అది తేటతెల్లమైంది. 2024లో మళ్లీ ప్రభుత్వం మారాక పనులు మొదలయ్యాయి. సింగపూర్‌లో 1959 నుంచి అధికార పార్టీ మారలేదు. 20 ఏళ్ల ప్రణాళికను ఒకే అధికారి ఒకే కుర్చీ చుట్టూ ఉండి పూర్తిచేయగలగడానికి అది చిన్న కారణమేమీ కాదు.

లియూ కాలపు ఫ్లాట్లకు ఇప్పుడు లీజు ప్రశ్న ఎదురవుతోంది. 1970ల్లో ఇచ్చిన 99 ఏళ్ల లీజులు 2070ల్లో తీరిపోతాయి, ఇల్లు బోర్డుకు తిరిగి పోతుంది. 1995 నుంచి బోర్డు కొన్ని పాత బ్లాకులను ఎంచి, పరిహారమూ కొత్త ఇంటి అవకాశమూ ఇచ్చి కూల్చి కడుతూ వచ్చింది. 2022 ఏప్రిల్‌లో ఆంగ్ మో కియోలో నాలుగు బ్లాకుల వంతు వచ్చింది, 606 కుటుంబాలు. పాత ఇంటికి వచ్చే పరిహారంతో అదే పరిమాణంలో 99 ఏళ్ల లీజున్న కొత్త ఇల్లు రాదని, చేతినుంచి వేయాల్సి వస్తుందని వృద్ధులు అభ్యంతరం చెప్పారు. నాలుగు నెలలు తిరగకముందే బోర్డు 50 ఏళ్ల లీజున్న ఇల్లు తీసుకునే వెసులుబాటు ప్రకటించింది.

(సశేషం)